అంచు కొలిచాకే టేపు

స్కేల్ మోడల్స్, అంటే నిజం విమానాలనూ ట్యాంకులనూ లెక్క ప్రకారం కుదించిన నమూనాలు, చేసేవాళ్లు నలుగురు చేరిన చోట ఈ దృశ్యం తప్పదు. ఒకరు కొత్తగా రంగు వేసిన విమానాన్ని బల్ల మీద పెడతారు. మిగతా ముగ్గురూ నడుం వంచి, రెండు రంగులు కలిసే చోటికి ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తారు. గీత కత్తితో కోసినట్టు ఉంటే మెచ్చుకోలుగా తల ఊపుతారు. వెంట్రుకంత రంగు అవతలికి పాకి ఉంటే ఎవరూ నోరు మెదపరు కానీ చూపులన్నీ అక్కడే ఆగిపోతాయి. చాలా ఏళ్లు నేనూ అలా చూసినవాణ్ణే, అలా తల ఊపినవాణ్ణే. ఇప్పుడు నా పేచీ ఆ తల ఊపడంతోనే.

గీత పదును మీద మనకున్న మోజు మన మోడల్స్‌ను పాడుచేస్తోందని నా నమ్మకం. మాస్కింగ్, అంటే రంగు పడకూడని చోటును కప్పి ఉంచడం, ఆ మాట ఎత్తగానే ఏ టేపు మంచిది, పూస్తే ఆరి పొరగా మారే ద్రవ మాస్కుల్లో ఏది మంచిది, ముందే కోసి అమ్మే మాస్కులు ఎవరివి బాగుంటాయి అనే చర్చ మొదలవుతుంది. అసలు వస్తువు మీద ఆ అంచు ఎలా ఉండేది, ఒక రంగు ఇంకో రంగులోకి ఎంత వెడల్పున మారేది, దాన్ని మన స్కేలుతో భాగిస్తే ఎంత మిగులుతుంది అని అడిగేవాళ్లు అరుదు. ఈ ప్రశ్నకు సంఖ్య రూపంలో జవాబు వస్తే, ఏ టేపు వాడాలో, అసలు టేపు వాడాలో వద్దో ఆ సంఖ్యే చెబుతుంది.

నాకు ఈ సంగతి ఒక స్పిట్‌ఫైర్ నేర్పింది, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం. 1/72 స్కేలు, అంటే నిజం విమానంలో 72వ వంతు, 1944 జూన్ నాటి రూపం. నార్మండీ దాడికి ముందు మిత్రపక్షాలు తమ విమానాల రెక్కల మీద, మొండెం వెనుక భాగం మీద నలుపు తెలుపు పట్టీలు వేయించాయి. అంతకు ముందటి ఏడాది సిసిలీ దాడిలో సొంత ఓడల ఫిరంగులే సొంత విమానాలను కూల్చాయి. అది మళ్లీ జరగకూడదని ఈ గుర్తులు. తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, మొత్తం ఐదు. ఒకే ఇంజను విమానమైతే ఒక్కో పట్టీ 18 అంగుళాలు, రెండు ఇంజన్లదైతే 24. పద్దెనిమిది అంగుళాలంటే 457 మిల్లీమీటర్లు. 72తో భాగిస్తే 6.35. నా పెట్టెలో 6 మిల్లీమీటర్ల టేపు ఉంది. ఆ పాయింటు తర్వాతి అంకెలు ఎవరు చూస్తారులే అనుకున్నాను.

ముందు తెలుపు వేసి, ఆరనిచ్చి, తెల్లగా ఉండాల్సిన మూడు పట్టీల మీద టేపు పరిచి, మధ్యలో మిగిలిన రెండు చోట్ల నలుపు చల్లాను. మూడు సాయంత్రాలు పట్టింది. టేపు తీశాక గీతలు అచ్చు వేసినట్టు వచ్చాయి. తలలు ఊగాయి. కొన్నాళ్లకు ఆ కాలపు ఫోటోలు వరుసగా చూస్తూ కూర్చున్నప్పుడు తెలిసింది, నేను చేసింది రెండు విధాలా తప్పని. మొదటిది లెక్క. పట్టీకి 0.35 చొప్పున ఐదింటికి 1.75 మిల్లీమీటర్లు తగ్గాయి. నిజం విమానం మీద అది 126 మిల్లీమీటర్లు, దాదాపు 5 అంగుళాలు. పక్కనున్న వృత్తాకార గుర్తుకూ పట్టీలకూ మధ్య ఖాళీ ఎందుకు అంత ఎక్కువగా కనిపిస్తోందో అప్పుడు అర్థమైంది. రెండోది అంచు. ఆ పట్టీలను దాడికి ముందు ఒకటి రెండు రోజుల్లో, హడావిడిగా, దొరికిన కుంచెలతో వేశారు. చాలా ఫోటోల్లో అంచులు మెలికలు తిరిగి, కుంచె వెంట్రుకల చారలతో, కింది రంగు తొంగిచూస్తూ ఉంటాయి. వాళ్లు అంత తొందరలో పూసినదాన్ని నేను మూడు సాయంత్రాలు కూర్చుని సరిదిద్దానన్నమాట!

అప్పటినుంచి ఏ మోడల్ మొదలుపెట్టినా ముందు ఒక కాగితం మీద అంచుల పట్టిక రాస్తాను. ఇక్కడ కర్మాగారంలో టేపు వేసి చేసిన గీత, పదును. ఇక్కడ స్ప్రే గన్‌తో చేతివాటంగా చల్లినది, మసక. ఇక్కడ కుంచె, వంకర. ఇక్కడ రెండు వేర్వేరు రేకులు కలిసే చోటు, అక్కడ అంచు ఎలాగూ రేకుదే. ఇదంతా చాదస్తం అనేవాళ్లున్నారు. కొంతవరకు నిజమే. కానీ ఈ చాదస్తానికి పట్టే సమయం పది నిమిషాలు, తప్పించే పని మూడు సాయంత్రాలు.

మసక అంచు విషయంలోనే ఈ లెక్క నిజంగా ఉపయోగపడుతుంది. శత్రువు కంటికి ఆనకుండా స్ప్రే గన్‌తో వేసిన మభ్యరంగుల అంచు నిజం విమానం మీద 2 అంగుళాల మేర మసకగా ఉందనుకుందాం. 1/72లో అది 0.7 మిల్లీమీటరు. 1/48లో ఒక మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. 1/32లో ఒకటిన్నర. ఇప్పుడు రెండో వైపు నుంచి చూడండి. నాలాంటి సాధారణ చేతికి, 0.3 మిల్లీమీటరు సూది ఉన్న ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగును తుంపరగా చల్లే చిన్న పరికరం), ఏ అడ్డూ లేకుండా గీసిన గీతకు రెండు మూడు మిల్లీమీటర్ల మసక ఉంటుంది. దాన్ని 72తో గుణిస్తే నిజం విమానం మీద ఆరు నుంచి ఎనిమిదిన్నర అంగుళాలు. అంత మసక ఏ కర్మాగారమూ వదలదు. అంటే టేపు వేస్తే అవసరానికి మించిన పదును, ఉట్టి చేత్తో చల్లితే అవసరానికి మించిన మసక. కావలసింది ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది.

ఇక్కడ నాకు ఇంకో వర్గంతో కూడా పేచీ ఉంది. "చేయి తిరిగినవాడికి మాస్కు ఎందుకు" అనే వర్గం. వాళ్ల దృష్టిలో టేపు అంటే చేతకానివాళ్ల ఊతకర్ర. వాళ్లలో కొందరు నిజంగానే పెన్సిల్ మొనంత సన్నగా చల్లగలరు, వాళ్లకు నా నమస్కారం. కానీ చిన్న స్కేలులో ఆ గర్వం చాలా సార్లు మోడల్‌ను బొమ్మలా చూపిస్తుంది. మబ్బు పట్టిన అంచులు చూడగానే కంటికి ఇది చిన్న వస్తువు అని తెలిసిపోతుంది. పదునైన గీత పిచ్చివాళ్లూ, ఉట్టి చేతి పిచ్చివాళ్లూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరూ ముందు తమ పద్ధతిని ఎంచుకుంటారు, తర్వాత విమానాన్ని దానికి లొంగదీస్తారు.

ఆ మధ్య దారికి నేను ఎక్కువగా నమ్ముకున్నది గోడకు కాగితాలు అంటించే మెత్తటి పుట్టీ. దాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పాముల్లా చుట్టి మభ్యరంగు గీత వెంట పరుస్తాను. పాము గుండ్రంగా ఉంటుంది కాబట్టి అంచు దగ్గర అది ఉపరితలానికి ఆనదు, కొంచెం పైకి లేచి ఉంటుంది. ఆ సందులోకి రంగు తుంపర కాస్త దూరుతుంది. అదే మనకు కావలసిన మసక. పాము లావైతే మసక పెరుగుతుంది, సన్నమైతే తగ్గుతుంది. ఎయిర్‌బ్రష్‌ను నిలువుగా పట్టుకుంటే అంచు బిగువుగా వస్తుంది, పాము కిందికి వాలిస్తే రంగు లోపలికి జారి అంచు వెడల్పవుతుంది. కాబట్టి ఒకే కోణంలో పట్టుకుని పని మొత్తం పూర్తి చేయాలి. నా మొదటి ప్రయత్నంలో ఒక రెక్క అటు నుంచి, ఇంకో రెక్క ఇటు నుంచి చల్లాను. రెండూ వేర్వేరు విమానాల రెక్కల్లా వచ్చాయి.

బోరిక్ ఆమ్లం, సిలికోన్ నూనె కలిపి చేసే సాగే పుట్టీ ఒకటుంది, పిల్లలు ఆడుకునేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రబ్బరుకు ప్రత్యామ్నాయం వెతుకుతుంటే పుట్టిన పదార్థం అది. అది ఘనపదార్థంలా కనిపిస్తుంది కానీ నిజానికి నెమ్మదిగా ప్రవహిస్తుంది. పరిచి ఊరుకుంటే అంచులు కిందికి జారి ఉపరితలాన్ని పూర్తిగా అంటుకుంటాయి, గీత పదునుగా వస్తుంది. ఇంకాస్త ఊరుకుంటే గీత తన దారి తాను చూసుకుంటుంది. ఫోను మోగిందని లేచి వెళ్లి వచ్చేసరికి నా మభ్యరంగు నమూనా మూడు మిల్లీమీటర్లు పక్కకు నడిచిన రోజు ఉంది. దాన్ని పరిస్తే వెంటనే చల్లాలి, వెంటనే తీయాలి. ముడతలు, బోల్టులు ఎక్కువగా ఉండే ట్యాంకుల మీద మాత్రం దానికి సాటి లేదు, ఎందుకంటే ప్రతి సందులోకీ తానే దిగుతుంది.

ట్యాంకుల మాట వచ్చింది కాబట్టి ఒక ఉదాహరణ. 1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ సైన్యం తన వాహనాలకు ముదురు పసుపును మూల రంగుగా నిర్ణయించింది. ఆలివ్ పచ్చ, ఎర్ర గోధుమ రంగులను గట్టి ముద్దల రూపంలో దళాలకు పంపింది. సిబ్బంది వాటిని నీళ్లతోనో పెట్రోలుతోనో పలచన చేసి, స్ప్రే గన్ ఉంటే దానితో, లేకపోతే కుంచెతో పూసేవాళ్లు. అంటే ఒకే దళంలో పక్కపక్కన నిలబడిన రెండు ట్యాంకుల అంచులు ఒకేలా ఉండనక్కరలేదు. ఇలాంటి వాహనానికి ముందే కోసిన మాస్కుల సెట్టు కొని, పెట్టె మీద బొమ్మ ఎలా ఉంటే అలా అతికించడం నాకు వింతగా అనిపిస్తుంది. ఫోటో చూసి, అది స్ప్రేనా కుంచెనా అని తేల్చుకోవడమే అక్కడ అసలు పని.

ఇంత చెప్పాక, పదునైన గీత కావలసిన చోట దాన్ని సరిగ్గా సాధించడం కూడా తెలియాలి కదా. ప్రయాణికుల విమానం పక్కల మీద సాగే పట్టీ, రెండు రంగుల కారు, యుద్ధ విమానం ప్రొపెల్లర్ కొసలు, ఇవన్నీ పదును కోరేవే. నేను విన్న ఫిర్యాదుల్లో మూడొంతులు రంగు ఊడటం గురించో, రంగు పాకడం గురించో, అంచు దగ్గర గట్టు కట్టడం గురించో. మూడింటికీ టేపునే తిడతారు.

ఊడటం సంగతి ముందు. మాస్కింగ్ టేపు పుట్టుకే ఈ బాధ నుంచి జరిగింది. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లు మోజు. కార్లకు రంగు వేసేవాళ్లు కాగితాలను గట్టి జిగురుతో అంటించి, తీసేటప్పుడు కొత్త రంగు ఊడొచ్చి, తిట్టుకుంటూ ఉండేవాళ్లు. గరుకు కాగితాల నమూనాలు పట్టుకుని ఆ షెడ్లకు వెళ్లే రిచర్డ్ డ్రూ అనే త్రీఎం కంపెనీ ఉద్యోగి అది చూసి, ముడతల కాగితానికి తేలికపాటి జిగురు పూసి 1925లో మాస్కింగ్ టేపు తయారు చేశాడు. అతికించే వస్తువులు అప్పటికే ఉన్నాయి. ఈ టేపు కొత్తగా చేసింది హాని చేయకుండా విడిచిపెట్టడం. నేటి పసుపు పచ్చటి జపాన్ కాగితపు టేపులదీ అదే గుణం, ఇంకాస్త మెరుగ్గా.

అలాంటి మెత్తని టేపుకే రంగు ఊడొస్తే తప్పు ఎవరిది? నా మొదటి కారు మోడల్‌కు నీటి ఆధారిత అక్రిలిక్ రంగును ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి కింద వేసే తొలి పూత) లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద చల్లాను. కిట్‌ను సబ్బు నీళ్లతో కడగనూ లేదు. అచ్చు నుంచి విడివడటానికి వాడిన నూనె జిడ్డు దాని మీద అలాగే ఉంది. పైన అద్దంలా మెరుస్తోంది. టేపు లాగితే బానెట్ మీది రంగు సగం తోలు ఒలిచినట్టు లేచి వచ్చింది. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఆ సాయంత్రం కళ్లారా చూశాను. లాకర్ ప్రైమర్‌లోని ద్రావకం కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను రవ్వంత మెత్తబరిచి దానిలో పాతుకుంటుంది. నీటి రంగు అలా పాతుకోదు, పొరలా పైన కూర్చుంటుంది. కాబట్టి టేపు వేయాలనుకున్న మోడల్‌కు కింద లాకర్ ప్రైమర్ ఉండి తీరాలన్నది నా పట్టుదల. ఇందులో రాజీ లేదు.

ఆరడం గురించి కూడా ఒక మాట. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, ఆరడం వేరు. ఎనామెల్ రంగుకు రోజులు కావాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదన్నమాటే. ఆరని నిగనిగ రంగు మీద టేపు వేస్తే ఊడకపోవచ్చు కానీ టేపు నేత ముద్ర అందులో పడిపోతుంది, పాలిష్ చేసినా సులభంగా పోదు. అలాగని టేపును నెలల తరబడి ఉంచకూడదు, జిగురు అక్కడే మిగిలిపోతుంది. తీసేటప్పుడు పైకి లాగకుండా, టేపును దాని మీదికే మడిచి, ఉపరితలానికి ఆనుకున్నట్టుగా నెమ్మదిగా వెనక్కి లాగాలి. పైకి లాగితే రంగు కూడా టేపుతో పాటు లేవడానికి చూస్తుంది.

రెండోది పాకడం. టేపు అంచు కింద ఎంత సన్నని సందు ఉన్నా ద్రవం దానిలోకి తనంతట తానే ఎక్కుతుంది, కేశనాళికీయత అని బడిలో చదువుకున్నదే. దీనికి అందరూ టేపును గట్టిగా నొక్కమంటారు. నొక్కాలి, గోరుతో కాకుండా పళ్లపుల్లతో. అది ఎలాగూ చేయాలి. కానీ నన్ను ఒడ్డున పడేసిన చిట్కా వేరు. టేపు వేశాక పై రంగు చల్లే ముందు, కింద ఉన్న రంగునే ఆ అంచు మీద ఒక పలచని పొరగా చల్లాలి. సందులు ఉంటే వాటిలోకి ఆ రంగే పాకుతుంది, అది కింది రంగులోనే కలిసిపోతుంది కాబట్టి కనిపించదు. సందు మూసుకుపోతుంది. ఆ తర్వాత వచ్చే రంగుకు దూరే దారి లేదు. పారదర్శక వార్నిష్‌తో కూడా ఇదే చేయవచ్చు. కానీ కింది రంగు మెరుపు లేనిదైతే, వార్నిష్ పాకిన చోట సన్నని మెరుపు గీత మిగులుతుంది. వెలుతురు పక్క నుంచి పడినప్పుడు అది బయటపడుతుంది.

ఎంత మూసినా తప్పించుకునే దారి ఒకటుంది. మోడల్ మీద చెక్కిన రేకుల గీతలు. అవి టేపు కింద సొరంగాల్లా పనిచేస్తాయి. టేపు పైపైన అతుక్కుంటుంది, సొరంగం తెరిచే ఉంటుంది. రంగు హాయిగా లోపలికి నడిచి వెళ్లి అర అంగుళం అవతల తేలుతుంది. టేపు గీతను దాటే ప్రతి చోటా పుల్లతో లోపలికి నొక్కాలి. లేదా ద్రవ మాస్కు చుక్క ఒకటి పెట్టాలి. ఇది నేను ఇప్పటికీ మరిచిపోతుంటాను.

మూడోది గట్టు. టేపు తీశాక గీత దగ్గర రంగు చిన్న గోడలా లేచి ఉంటుంది. టేపు అంచుకు రంగు తడిగా తగిలితే తలతన్యత దాన్ని పైకి లాగి అక్కడే ఆరనిస్తుంది. రంగు పొర మందం 0.03 మిల్లీమీటరు అనుకోండి, మన కంటికి అది ఏమీ కాదు. 72తో గుణిస్తే 2 మిల్లీమీటర్లు దాటుతుంది. నిజం విమానం మీద నలుపుకూ తెలుపుకూ మధ్య రెండు మిల్లీమీటర్ల మెట్టు ఉంటుందా? తల ఊపేవాళ్లకు ఆ మెట్టు కనిపించదు, గీత పదునే కనిపిస్తుంది. నాకు మాత్రం పదునైన గీత మీద గట్టు ఉండటం కంటే, గట్టు లేని గీత ఒకటి రెండు చోట్ల పాకి ఉండటమే నయం. పాకినదాన్ని సన్నని కుంచెతో దిద్దవచ్చు. గట్టును తీయాలంటే వార్నిష్ వేసి, మెత్తని గరుకు కాగితంతో అరగదీసి, పక్క రంగు చెడకుండా ప్రార్థించాలి. నివారణ తేలిక: ఎయిర్‌బ్రష్‌ను టేపు వైపు నుంచి బయటికి పట్టుకుని, దాదాపు పొడిగా ఉండే పలచని పొరలు నాలుగైదు వేయడం, ఆపడం. రంగు నిండుగా కనబడాలన్న ఆత్రంతో చివర్లో వేసే తడి పొర ఒక్కటే చాలు, గట్టు కట్టడానికి.

కాక్‌పిట్ అద్దాల దగ్గర ఈ వ్యాపారమంతా కొత్త మలుపు తిరుగుతుంది. జర్మన్ బాంబర్ హైంకెల్ 111 ముక్కును చూసినవాళ్లకు తెలుస్తుంది, ముక్కంతా గాజు పలకలు, వాటి మధ్య సన్నని చట్రాలు. అక్కడ ముందే కోసిన మాస్కులను నేను విమర్శించను. చట్రం అంచు నిజంగానే పదును, దాని ఆకారం కిట్‌తోనే వస్తుంది, చేత్తో అన్ని ముక్కలు కోసే ఓపిక దేవుడు అందరికీ ఇవ్వడు. నేనైతే పలక అంచుల చుట్టూ మాత్రం ఒక మిల్లీమీటరు టేపు పట్టీలు వేసి, మధ్య ఖాళీని ద్రవ మాస్కుతో నింపుతాను. మూల దగ్గర రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సందు ఏర్పడుతుంది కాబట్టి ఆ మూలలో ఒక చుక్క అదనం. బయటి రంగు కంటే ముందు లోపలి రంగు చల్లడం మరిచిపోవద్దు. అద్దంలోంచి చూస్తే చట్రం లోపలి వైపు కనిపించేది అదే.

ఆ ద్రవ మాస్కు నా దగ్గర ఒక కనోపీని, అంటే కాక్‌పిట్ మీది అద్దాల కప్పును, బలిగా తీసుకుంది. స్పష్టత పెరగడానికి కనోపీని పారదర్శక అక్రిలిక్ ఫ్లోర్ పాలిష్‌లో ముంచి ఆరబెట్టాను, చాలామంది చేసే పనే. దాని మీద ద్రవ మాస్కు పూశాను. ఇలాంటి మాస్కుల్లో చాలావరకు రబ్బరు పాలు, అవి గడ్డకట్టకుండా అమ్మోనియా. సీసా మూత తీయగానే ముక్కు పగిలే వాసన అదే. ఆ పాలిష్‌ను తుడిచివేయడానికి వాడే మందు కూడా అమ్మోనియానే. నేను రెండింటినీ ఒకదాని మీద ఒకటి పూసి, వేరే పనుల్లో పడి కొన్ని వారాలు వదిలేశాను. తీసేసరికి అద్దం మీద చేప పొలుసుల్లాంటి మచ్చలు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సీసా మీద ఏ హెచ్చరికా లేదని కొన్నాళ్లు గొణిగాను కానీ, వాసన చూసినవాణ్ణి నేనే కదా. ఇప్పుడు పాలిష్ వేసిన అద్దానికి టేపు తప్ప మరొకటి తాకనివ్వను. ద్రవ మాస్కు వాడిన చోట అదే రోజు తీసేస్తాను. కుంచెను ముందు పాత్రలు కడిగే సబ్బులో ముంచకపోతే అదీ పోయినట్టే.

కొన్ని మాస్కులు టేపులా కనిపించవు. ఉపరితలాన్ని తడిపి ఉప్పు చల్లి, ఆరాక పై రంగు వేసి ఉప్పును రాల్చేస్తే రంగు పెచ్చులు ఊడిన రూపం వస్తుంది. రెండు రంగుల మధ్య హెయిర్ స్ప్రే పొర వేసి, పై అక్రిలిక్‌ను తడి కుంచెతో రుద్దితే, ట్యాంకులకు చలికాలంలో పూసే తెల్ల సున్నం అరిగిపోయినట్టు వస్తుంది. ఈ రెండిట్లో అంచు ఎలా వస్తుందో మన చేతిలో ఉండదు. పెచ్చులకు అదే సరిపోతుంది.

రంగుల క్రమం గురించి "లేతది ముందు, ముదురు తర్వాత" అని అందరూ చెబుతారు. నల్లటి దాని మీద పసుపు నిలవదు కాబట్టి అది సరే. నేను దానికి ముందు ఇంకొకటి చూస్తాను: దేన్ని కప్పడం తేలిక? బ్రిటిష్ ప్రొపెల్లర్ కొసల పసుపు 4 అంగుళాలు, 1/72లో 1.4 మిల్లీమీటర్లు. కొసకు పసుపు వేసి దాన్ని చిన్న టేపు ముక్కతో కప్పి మిగతాదంతా నల్లగా చల్లడం అరగంట పని. ముందు నలుపు వేసి, కొస తప్ప రెక్కలన్నిటినీ చుట్టడం సగం రోజు పని.

నా లెక్కల మీద వచ్చే బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. మోడల్‌ను అడుగు దూరం నుంచి చూస్తాం, ఆ దూరంలో 0.7 మిల్లీమీటరు మసక కంటికి ఆనదు, కాబట్టి కాస్త పెంచి చూపించడమే కళ అంటారు. నిజమే, నేనూ పెంచుతాను. 0.7ను 1 చేస్తాను. కానీ ఎంత పెంచుతున్నానో నాకు తెలిసి పెంచుతాను. లెక్క తెలియకుండా 3 చేసినవాడు దాన్ని కళ అనుకోవచ్చు కానీ అది అతని ఎయిర్‌బ్రష్ నిర్ణయించిన అంకె.

ఈ మధ్యనే ఆ స్పిట్‌ఫైర్‌ను మళ్లీ చేశాను, కొత్త కిట్‌తో. ఈసారి పట్టీలకు 6.35 మిల్లీమీటర్లు. గాజు పలక మీద వెడల్పాటి టేపు పరిచి కొత్త బ్లేడుతో నేనే కోసుకున్నాను. చుట్ట అంచున దుమ్ము పట్టి ఉంటుంది కాబట్టి ఎలాగూ కొత్త అంచు కోయాలి. తర్వాత అసలు చిక్కు వచ్చింది. ఆ కుంచె వంకరలు ఎంత ఉండాలి? నిజం విమానం మీద ఒక అంగుళం వంకర 1/72లో 0.35 మిల్లీమీటరు. ఉట్టి చేత్తో కుంచె పెడితే నా చేయి వణికేది అంతకు మూడింతలు. అంటే వంకర గీతను కూడా టేపుతోనే వేయాలి, పదును గీత కంటే ఎక్కువ జాగ్రత్తగా! రూలరు పక్కన పెట్టి, భూతద్దం కింద, అర మిల్లీమీటరు దాటని మెలికలతో టేపు అంచును కోశాను. ఐదు సార్లు చెడగొట్టి ఆరోసారి కుదిరింది. ప్రొపెల్లర్ కొసలను మాత్రం ఎప్పటిలాగే సూటిగా.

పూర్తయ్యాక బల్ల మీద పెట్టాను. మిత్రుడు వంగి, పట్టీల దగ్గరికి ముఖం తెచ్చి, "ఇక్కడ టేపు లేచినట్టుంది" అన్నాడు.

"లేవలేదు, అలాగే కోశాను."

అతను మళ్లీ ఒకసారి వంగి చూశాడు. తల మాత్రం ఊపలేదు.